ఇంట్లో స్ప్రింక్లర్లు పెట్టించా. పనిచేస్తాయో లేదో చూడాలంటే పాత సోఫా తగలబెట్టాలా?

నాగావళి_ఒడ్డు
శ్రీకాకుళంలో అరసవల్లి రోడ్డు వైపు ఇల్లు కట్టిస్తున్నా. కింద ఒక పోర్షన్, పైన ఒకటి. కిందటేడు మా వీధిలో ఒకరింట్లో దేవుడి గదిలో దీపం నుంచి పరదా అంటుకుని హాలంతా కాలిపోయింది. ఇంట్లోవాళ్ళు పెళ్ళికి వెళ్ళారు కాబట్టి బతికిపోయారు. గోడలు, స్లాబు ఎక్కడివక్కడే ఉన్నాయి. లోపల మాత్రం చెంచా మిగల్లేదు. అది కళ్ళారా చూశాక మనసాగలేదు. పైపుల పని జరిగేటప్పుడే హోటళ్ళలో ఉన్నట్టు సీలింగుకి, మంట వేడికి వాటంతటవే నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు పెట్టించేశా. మొత్తం తొమ్మిది. మెట్లగది మీదున్న ట్యాంకు నుంచి ముప్పావు అంగుళం పైపు లాగాడు ప్లంబరు.

ఇప్పుడు సందేహం ఏమిటంటే, ఇవి పనిచేస్తాయని నమ్మడం ఎలా? ప్లంబర్ని అడిగితే "లైటర్ పెట్టి చూడండి సార్" అన్నాడు. మా బావమరిది "వెనక రేకుల షెడ్డులో ఒకటి బిగించి కింద పాత సోఫా తగలబెడదాం, వీడియో కూడా తీద్దాం" అంటున్నాడు. నిజం చెప్పాలంటే నాకూ రెండోదే నచ్చింది. ఎవరైనా చేసి చూశారా?

సిక్కోలు_సిన్నోడు
ముహూర్తం ఎప్పుడో చెప్పండి బావూ, మొక్కజొన్న పొత్తులు పట్టుకొస్తా.

గంటస్తంభం67
డబ్బు ఎక్కువైతే ఇలాంటి ఆలోచనలే వస్తాయి. సిమెంటు ఇల్లు ఎక్కడైనా కాలుతుందా? అమెరికా వాళ్ళవి చెక్క ఇళ్ళు, వాళ్ళకి కావాలి. విజయనగరంలో మా తాత కట్టిన ఇల్లు ఇప్పటికీ కోటలా ఉంది. రెండు బకెట్ల నీళ్ళు, తడిపిన గోనెసంచి ఒకటి ఉంటే చాలు.

నాగావళి_ఒడ్డు
@గంటస్తంభం67 గోడ కాలదని నేనూ ఒప్పుకుంటున్నానండి. నేను చెప్పిన ఇంట్లో కూడా గోడ కాలలేదు.

ఎర్రబండి_రిటైర్డ్
31 ఏళ్ళు ఫైర్ సర్వీసులో చేశా, ఈ రెండు జిల్లాల్లోనే. సోఫా జోలికి వెళ్ళొద్దు. ఎందుకో చెప్తా.

మా చిన్నప్పటి ఇళ్ళలో ఏముండేవి? మడతమంచం, దూది పరుపు, టేకు కుర్చీ, ట్రంకుపెట్టె. అవి అంటుకున్నా మెల్లగా రాజుకునేవి. ఇప్పుడు ఉన్నదంతా ఫోము, ప్లాస్టిక్, సింథటిక్ పరదాలు. సోఫాలో ఫోము అంటే గడ్డకట్టిన పెట్రోలు అనుకోండి. అమెరికాలో యూఎల్ అనే పరీక్షల సంస్థ 2009లో రెండు గదులు పక్కపక్కన కట్టి కాల్చి చూసింది. ఒకదాంట్లో పాతకాలం సామాను, రెండోదాంట్లో ఇప్పటి సామాను. పాత గది మొత్తం భగ్గుమనడానికి 29 నిమిషాల పైన పట్టింది. కొత్త గదికి పట్టింది 3 నిమిషాల 40 సెకన్లు. ఆ భగ్గుమనడాన్ని ఫ్లాషోవర్ అంటాం. అదయ్యాక ఆ గదిలో మనిషి ఉండడు.

గంటస్తంభం గారూ, మీ తాతగారి ఇల్లు బానే ఉంటుంది. అందులో ఇప్పుడున్న సోఫా తాతగారిది కాదు కదా. 101కి ఫోన్ చేసిన క్షణంలోనే మా బండి బయల్దేరినా, మూడున్నర నిమిషాల్లో మీ ఇంటి గుమ్మం ముందుకు రాదు. మా శ్రీకాకుళంలో అయితే డే అండ్ నైట్ జంక్షన్ దాటడానికే అంత పడుతుంది.

ఇంకోటి, మంట కన్నా ముందు పొగ చంపుతుంది. రేకుల షెడ్డులో ఫోము కాల్చి పక్కన నిలబడి వీడియో తీస్తే ఆ వీడియో చూడటానికి మీరుండకపోవచ్చు.

సిక్కోలు_సిన్నోడు
మొక్కజొన్న పొత్తులు వెనక్కి తీసుకుంటున్నా.

పైపురెంచ్
నేను విశాఖలో ఫ్యాక్టరీలకి, మాల్స్‌కి ఇదే పని చేస్తా, సొంతూరు చీపురుపల్లి. లైటర్ పెట్టి చూడమన్న ప్లంబర్ని ఇంకోసారి పిలవకండి. స్ప్రింక్లర్ తల, అంటే సీలింగు నుంచి బయటికి కనిపించే ముక్క, దాని మధ్యలో ఎర్ర గాజుగొట్టం కనిపిస్తుంది కదా, అందులో ద్రవం ఉంటుంది. వేడికి అది వ్యాకోచించి గాజు పగులుతుంది. గాజు ఊడితే మూత ఊడుతుంది, మూత ఊడితే నీళ్ళు. అంతే, తిరిగి మూయడానికి ఏమీ ఉండదు. లైటర్ పెట్టారంటే ట్యాంకు ఖాళీ అయ్యేదాకా హాల్లో వర్షమే, ఆ తల చెత్తబుట్టలోకే.

ఎరుపు అంటే 68 డిగ్రీలకి పగిలేది. నారింజ 57, పసుపు 79, ఆకుపచ్చ 93. మీవి ఎరుపే కదా?

నాగావళి_ఒడ్డు
ఎరుపే. వంటింట్లో కూడా ఎరుపే పెట్టాడు.

పైపురెంచ్
పొయ్యికి సరిగ్గా నెత్తి మీద కాకుండా కాస్త దూరంగా ఉంటే ఎరుపు పర్లేదు. మే నెలలో మేడపై గది సీలింగు ఎంత కాలుతుందో చూసుకోండి. రేకుల కింద అయితే ఎరుపు వద్దు.

చీపురుపల్లి_లక్ష్మి
నా భయం వేరు. మా ఇంట్లో ఆవాలు, ఎండుమిరపకాయల పోపు వేస్తే పక్కింటివాళ్ళకి దగ్గొస్తుంది. ఆ పొగకి ఇల్లంతా ఒకేసారి నీళ్ళు కురిస్తే? సినిమాల్లో హీరో సిగరెట్ వెలిగించగానే ఆఫీసంతా తడిసిపోతుంది కదా.

పైపురెంచ్
@చీపురుపల్లి_లక్ష్మి అది సినిమా. స్ప్రింక్లర్‌కి పొగతో పనిలేదు, వేడితోనే పని. అది కూడా ఏ తలకి వేడి తగిలితే ఆ ఒక్కటే తెరుచుకుంటుంది. అన్నీ ఒకేసారి తెరుచుకునే డెల్యూజ్ అనే రకం వేరే ఉంది, అది ట్రాన్స్‌ఫార్మర్లకి, నూనె నిల్వలకి పెడతారు. పోపుకి గోల పెట్టేది స్మోక్ అలారం. వంటింట్లో దానికి బదులు వేడిని పట్టే డిటెక్టర్ పెట్టుకోవాలి.

గంటస్తంభం67
సరే, ఒక్క తలే అనుకుందాం. లక్ష రూపాయల టీవీ, మంచాలు, పుస్తకాలు తడిసి ముద్దయిపోవా? మంట కన్నా నీళ్ళ నష్టమే ఎక్కువ.

ఎర్రబండి_రిటైర్డ్
మేం గొట్టం పెట్టి కొడితే తడవవా? అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో స్కాట్స్‌డేల్ అనే ఊళ్ళో కొత్త ఇళ్ళన్నిటికీ స్ప్రింక్లర్ ఉండాలని 1985లోనే నిబంధన పెట్టారు. 15 ఏళ్ళ తర్వాత లెక్క తీస్తే స్ప్రింక్లర్ ఆపిన మంటకి సగటున 1,300 లీటర్లు, గొట్టాలతో ఆర్పిన మంటకి సుమారు 11,000 లీటర్లు ఖర్చయ్యాయి. స్ప్రింక్లర్ మంట చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటుంది. మేం వెళ్ళేసరికి అది మూడు గదులు తినేసి ఉంటుంది.

గంటస్తంభం67
నీళ్ళ ట్యాంకరుకి నెల రోజులు వరస కట్టే ఊళ్ళో 1,300 లీటర్ల సంగతి మాట్లాడుతున్నారు, అదీ బానే ఉంది.

లెక్కల_మాస్టారు
తలల మీద ఇంత చర్చ జరిగింది కానీ అసలు ప్రశ్న ఎవరూ వేయలేదు. నీళ్ళు ఎంత ఒత్తిడితో వస్తాయి?

ఇళ్ళలో వాడే మామూలు తలకి నిమిషానికి దాదాపు 50 లీటర్లు కావాలి. అందుకు తల దగ్గర కనీసం అర బార్ ఒత్తిడి ఉండాలి, అంటే సుమారు 5 మీటర్ల నీటి ఎత్తు. నాగావళి గారి ట్యాంకు మెట్లగది మీద ఉంది. పై అంతస్తు సీలింగు నుంచి ట్యాంకులో నీటిమట్టం ఎంత ఎత్తు ఉంటుంది? మహా అయితే మూడు, మూడున్నర మీటర్లు. ఇంతవరకు నీళ్ళు కదలనప్పటి లెక్క. కదిలితే పైపు తన వాటా తినేస్తుంది. ముప్పావు అంగుళం పైపులో నిమిషానికి 50 లీటర్లు పారితే ప్రతి పది మీటర్లకీ మూడున్నర మీటర్ల పైనే ఒత్తిడి పోతుంది. అదే అంగుళం పైపైతే పోయేది మీటరు చిల్లరే.

కాబట్టి కింద అంతస్తులో ఏదో కాస్త చిమ్ముతుందేమో. పై పడగ్గదిలో మాత్రం అది స్ప్రింక్లర్ కాదు, కారుతున్న కుళాయి. సోఫా తగలబెట్టక్కర్లేదు, ఒక బకెట్, ఒక గడియారం చాలు.

నాగావళి_ఒడ్డు
మాస్టారూ, మీరు చెప్పింది చదివి చెమటలు పట్టాయి. బకెట్టుతో ఎలా చూడాలి?

లెక్కల_మాస్టారు
అన్నిటికన్నా దూరంగా, ఎత్తులో ఉన్న తల విప్పండి. ఆ చోట గాజు పగిలిన తల ఒకటి బిగించి, చుట్టూ మందపాటి పాలిథిన్ కవరు కట్టి, దాని మూతి 20 లీటర్ల బకెట్లోకి దించండి. ఉత్త పైపు మూతి తెరిచి కొలిస్తే దొంగలెక్క వస్తుంది. తలలో ఉన్నంత రంధ్రమే ఉండాలి. బకెట్ 24 సెకన్లలో నిండితే నిమిషానికి 50 లీటర్లు. అది పాస్ మార్కు.

పైపురెంచ్
మాస్టారు చెప్పింది కరెక్ట్. మేం పెద్ద బిల్డింగుల్లో చేసేదీ ఇదే, కాకపోతే కాస్త దర్జాగా. పైపు చివర ఒక టెస్ట్ వాల్వు ఉంటుంది, దాని రంధ్రం ఒక్క తల రంధ్రంతో సమానం. అది తెరిస్తే ఒక తల తెరుచుకున్నట్టే లెక్క, గంట మోగాలి, పంపు అందుకోవాలి. అంతకుముందు పైపుల్లో నీళ్ళు నింపి 14 బార్ దాకా ఎక్కించి రెండు గంటలు ఉంచుతాం, ముల్లు కదలకూడదు. ఇంటికి అంత అక్కర్లేదు, పంపు ఇచ్చే పూర్తి ఒత్తిడి పెట్టి ఒక పూట వదిలి జాయింట్లు తడిమి చూడండి. గోడలు మూయకముందే చేయండి.

మీ పైపు ఏ రంగు?

నాగావళి_ఒడ్డు
మీగడ రంగు. బాత్రూములో వేడినీళ్ళకి వేసిందే.

పైపురెంచ్
అనుకున్నా. అది వేడినీళ్ళకి వాడే సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపు. స్ప్రింక్లర్‌కి పరీక్ష చేసి ఒప్పుకున్న సీపీవీసీ నారింజ రంగులో వస్తుంది. ఎలాగూ అంగుళం పైపుకి మారాలి కాబట్టి అదే వేయించండి.

జీడిపప్పు_పలాస
మాస్టారి లెక్క ప్రకారం ట్యాంకుని ఇంకో నాలుగు మీటర్లు ఇనప స్టాండు మీద లేపితే పంపు ఖర్చు తప్పుతుంది కదా?

లెక్కల_మాస్టారు
లెక్కలో తప్పుతుంది.

జీడిపప్పు_పలాస
ఆగండాగండి, నాకే జవాబు గుర్తొచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి మా మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు లేచిపోయింది. తెల్లారి చూస్తే రెండు తోటల అవతల, పడిపోయిన జీడిచెట్ల మధ్య పడుంది. పగల్లేదు, ఇప్పటికీ అదే వాడుతున్నాం. నాలుగు మీటర్ల స్టాండు ఆలోచన వెనక్కి తీసుకుంటున్నా.

బొబ్బిలి_వీణ
మాది బొబ్బిలి. తిత్లీలో మాకు అంత లేదు కానీ హుద్‌హుద్ అప్పుడు మా పెదనాన్నగారి ట్యాంకు మూత దొరకనేలేదు. అప్పటినుంచి పావురాలు తాగుతున్నాయి, మేమూ తాగుతున్నాం.

బారువ_అల
మొత్తం చదివా. బాగుంది. మా పేటలో తాటాకు ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఎండాకాలం మధ్యాహ్నం సముద్రగాలి లేచాక ఒక పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరితే ఒక్క ఇల్లు కాదు, వరస మొత్తం పోతుంది. నా చిన్నప్పుడు మాదీ అలాగే పోయింది. వలలు, సర్టిఫికెట్లు, మా అక్క పెళ్ళికి దాచిన చీరలు. ఇళ్ళు కాలేది మావి, స్ప్రింక్లర్లు పెట్టుకునేది మీరు. కోపంతో అనడంలేదు, గుర్తు చేస్తున్నానంతే.

నాగావళి_ఒడ్డు
@బారువ_అల మీరన్నది నిజం. దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఎర్రబండి_రిటైర్డ్
నా దగ్గర సగం ఉంది. స్ప్రింక్లర్ లోపలి మంట కోసం పుట్టింది. తాటాకు కప్పు పైనుంచి, బయటినుంచి అంటుకుంటుంది, కింద వేలాడే తలకి వేడి తగిలేసరికి కప్పే ఉండదు. అక్కడ పనికొచ్చేవి వేరు. ఇంటికీ ఇంటికీ మధ్య ఎడం, గాలి లేవకముందే పొయ్యి ఆర్పడం, పేటకో మోటారు, దానికి పొడవాటి గొట్టం, మా బండి తిరిగేంత దారి. నా సర్వీసులో ఎక్కువసార్లు మమ్మల్ని ఆపింది మంట కాదు, ఇసుకలో కూరుకుపోయిన చక్రం. పేటకి రోడ్డు అడగండి, గట్టిగా అడగండి.

బారువ_అల
పొయ్యి విషయం మా అమ్మమ్మ కాలంనుంచీ పాటిస్తున్నాం. పదకొండు గంటలకల్లా వంట అయిపోవాలి. రోడ్డు మాత్రం అడుగుతూనే ఉన్నాం.

కార్డిఫ్_కోడలు
పుట్టిల్లు గజపతినగరం, ఇప్పుడుండేది బ్రిటన్‌లోని వేల్స్‌లో. ఇక్కడ 2016 జనవరి నుంచి కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ స్ప్రింక్లర్ తప్పనిసరి. మాది 2019లో కట్టిన చిన్న ఇల్లు. మెట్ల కింద అలమరలో ఓ ట్యాంకు, పంపు ఉంటాయి, ఏడాదికోసారి మనిషొచ్చి వాల్వు తెరిచి కొలిచి కాగితం ఇచ్చి వెళ్తాడు. ఆ రోజు తప్ప అవి ఉన్నాయనే గుర్తుండదు.

మా అత్తగారు వచ్చిన కొత్తలో పడగ్గదిలో తలకి దోమతెర తాడు కట్టబోయారు. ఇక్కడ దోమతెర అవసరమే పడదు, అయినా అలవాటు. దానికి ఏదీ వేలాడదీయకూడదని చెప్పడానికి ఓ పూట పట్టింది.

సిక్కోలు_సిన్నోడు
మన దగ్గరైతే దోమతెరతో పాటు తడి తువ్వాలు, గొడుగు, పిల్లల బ్యాగు కూడా ఎక్కుతాయి.

లెక్కల_మాస్టారు
కార్డిఫ్ అమ్మాయి ట్యాంకు, పంపు అంది కదా, అక్కడికే వద్దాం. నాగావళి గారికి పంపు తప్పదు. నీళ్ళెన్ని కావాలో చూడండి. ఇళ్ళ స్ప్రింక్లర్‌కి అమెరికావాళ్ళు రాసుకున్న 13డి ప్రమాణం మామూలుగా రెండు తలలకి పది నిమిషాలు నీళ్ళుండాలంటుంది. 50 లీటర్లు, రెండు తలలు, పది నిమిషాలు. వెయ్యి లీటర్లు. సరిగ్గా ఒక మామూలు నల్ల ట్యాంకు. మనుషులు బయటపడటానికి, మంట పెరక్కుండా ఆగటానికి ఆ పది నిమిషాలు.

గంటస్తంభం67
ఏప్రిల్‌లో మా ట్యాంకులో పొద్దున పదింటికి వెయ్యి లీటర్లు కాదు కదా, వంద ఉండవు. మంట కూడా మున్సిపాలిటీ నీళ్ళు వదిలే టైముకే రావాలి.

పైపురెంచ్
ఈసారి గంటస్తంభం గారు పాయింటు పట్టారు. అందుకే రెండు వేల లీటర్ల ట్యాంకు పెట్టి, ఇంటి వాడకం పైపుని సగం ఎత్తు నుంచి తీయాలి, స్ప్రింక్లర్ పైపుని అడుగు నుంచి. ఇంట్లో కుళాయిలు ఎండిపోయినా కింది సగం కదలదు.

గంటస్తంభం67
మా ఇంట్లో కుళాయి ఎండిపోయి, ట్యాంకులో మాత్రం వెయ్యి లీటర్లున్నాయని మా ఆవిడకి తెలిస్తే మొదటి మంట అక్కడే.

బొబ్బిలి_వీణ
పంపు సరే, కరెంటు? షార్ట్ సర్క్యూట్ అయితే మొదట పడేది మెయినే. పంపూ ఆగిపోతుంది. ఇదేదో గొడుగు కొని వాన రోజు ఇంట్లో మర్చిపోయినట్టుంది.

పైపురెంచ్
పంపుకి విడి లైను ఉండాలి, ఇంట్లో ఏ ఎంసీబీ (షార్ట్ అయితే తనే పడిపోయే స్విచ్చి) పడినా ఇది పడకూడదు. అది మామూలు ఎలక్ట్రీషియన్ తనంతట తాను చేసే పని కాదు, లైసెన్సున్నవాణ్ణి పిలవండి. ఇన్వర్టర్ మీద ఒక హార్స్‌పవర్ మోటారు అంటే స్టార్టింగ్‌లో లాగే కరెంటుకి చిన్న ఇన్వర్టర్లు ట్రిప్ అవుతాయి, ముందే చూసుకోండి.

ఎర్రబండి_రిటైర్డ్
లైను విడిగా పెడితే గేటు దగ్గరే పెద్దక్షరాలతో రాసిపెట్టండి. మావాళ్ళు వచ్చి మొదట మెయిన్ తీసేస్తారు. మెయిన్ తీశాక కూడా ఇంట్లో ఒక వైరులో కరెంటుందని వాళ్ళకి తెలియాలి.

చీపురుపల్లి_లక్ష్మి
ఇంత ఖర్చు పెట్టలేని మాలాంటివాళ్ళు ఏం చేయాలో కూడా చెప్పండి గురువుగారూ.

ఎర్రబండి_రిటైర్డ్
అడిగినందుకు సంతోషం అమ్మా. పడగ్గది బయట ఒక స్మోక్ అలారం, నెలకోసారి దాని బటన్ నొక్కి చూడటం. రాత్రి పడుకునేటప్పుడు గది తలుపు మూసుకోవడం. మూసిన తలుపు పొగని, వేడిని చాలాసేపు ఆపుతుంది, పైసా ఖర్చు లేదు. కిటికీ గ్రిల్ ఒక్కటైనా లోపల్నుంచి తెరుచుకునేలా పెట్టించుకోండి. దొంగల భయంతో అన్నీ వెల్డింగ్ చేయించేస్తారు, తర్వాత మేం గ్రిల్ కోసే మిషను పట్టుకుని పరిగెత్తాలి.

మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పోయొద్దు, పళ్ళెం మూసి పొయ్యి కట్టేయండి. గ్యాసు లీకై మండుతుంటే రెగ్యులేటర్ దగ్గర ఆపడమే, ఆ మంటని స్ప్రింక్లర్ కూడా ఆర్పలేదు, చుట్టూ అంటుకోకుండా చూస్తుందంతే. గంటస్తంభం గారి తడి గోనెసంచిని నేను తక్కువ చేయను. మెలకువగా ఉన్నప్పుడు అదీ పనిచేస్తుంది. నిద్రలో ఉన్నప్పుడు గోనెసంచి లేచి రాదు.

గంటస్తంభం67
ఒప్పుకున్నా. అలారం కొంటా. స్ప్రింక్లర్ మాత్రం కొనను.

బొబ్బిలి_వీణ
ఎవరికైనా తెలుసా, ఈ స్ప్రింక్లర్ పేటెంటు 1874లో పొందింది ఒక పియానో ఫ్యాక్టరీ యజమాని. హెన్రీ పార్మలీ అని, తన ఫ్యాక్టరీ కాలిపోకుండా చేసుకున్నాడట. మా ఊళ్ళో వీణలు చేసేవాళ్ళకి పనసచెక్క పొట్టు, లక్క అన్నీ ఒకే గదిలో ఉంటాయి. ఇది చదివాక మా మావయ్యకి ఫోన్ చేసి నీళ్ళ బకెట్ పెట్టమన్నా. "వీణ తడిస్తే?" అన్నాడు.

ఇడ్లీపాత్ర
తల పగులుతుందా లేదా అనే సందేహం ఉన్నవాళ్ళకి. నేను మిగిలిన తల ఒకటి ఇడ్లీపాత్రలో నీళ్ళల్లో ముంచి, కాలేజీ ల్యాబు థర్మామీటరు పెట్టి, సన్నమంట మీద కాచా. 60 దగ్గర లోపలున్న చిన్న బుడగ మాయమైంది. 67, 68 మధ్య టక్ మంది. పాత్ర మూత ఎగిరిపడింది, మా అమ్మ వంటింట్లోంచి, నేను హాల్లోంచి ఒకేసారి అరిచాం.

పైపురెంచ్
ల్యాబుల్లో కూడా ద్రవంలోనే ముంచి కాచి చూస్తారు, కాబట్టి మీ పద్ధతి తప్పు కాదు. కానీ గాజు, లోపలి మూత తూటాలా వస్తాయి. చేసేవాళ్ళు కళ్ళద్దాలు పెట్టుకుని దూరంగా నిలబడండి. ఆ ఇడ్లీపాత్రలో మళ్ళీ ఇడ్లీలు వేయకండి.

ఇడ్లీపాత్ర
ఆ నిర్ణయం మా అమ్మ అప్పుడే తీసేసుకుంది. పేరు మాత్రం మార్చుకోను.

నాగావళి_ఒడ్డు
ఐదు వారాలైంది. రిపోర్టు.

ముందు మాస్టారు చెప్పినట్టు పాత పైపుతోనే కొలిచా. ఇడ్లీపాత్ర గారి పద్ధతిలో రెండు తలలు పగలగొట్టా, మా ఇంట్లో పాత్ర కాదు, రంగుల డబ్బా. పై అంతస్తులో చివరి పడగ్గదిలో తల బిగించి, పాలిథిన్ కట్టి, వాల్వు తిప్పితే 20 లీటర్ల బకెట్ నిండటానికి 55 సెకన్లు. అంటే నిమిషానికి 22 లీటర్లు కూడా లేవు. పాలిథిన్ తీసేసి చూస్తే గొడుగులా విచ్చుకోవాల్సిన నీళ్ళు తల చుట్టూ కారుతున్నాయి. మా బావమరిది వీడియో తీసి "అభిషేకం" అని పేరు పెట్టి గ్రూపులో వేశాడు. నేను ఈ చర్చ మొదలుపెట్టకుండా గృహప్రవేశం చేసేసి ఉంటే, పదేళ్ళు ఆ తొమ్మిది ఎర్ర గాజుల కింద ధీమాగా నిద్రపోయేవాణ్ణి.

పైపు మార్చా. నారింజ రంగు, అంగుళం. రెండు వేల లీటర్ల ట్యాంకు, పైపురెంచ్ గారు చెప్పినట్టు సగం నుంచి వాడకం, అడుగు నుంచి ఇది. ఒక హార్స్‌పవర్ పంపు, విడి లైను, గేటు దగ్గర బోర్డు. ఒత్తిడి పడిపోగానే పంపు తనే అందుకుంటుంది. ఇప్పుడు అదే గదిలో బకెట్ 22 సెకన్లలో నిండింది. తర్వాత రెండు తలలు ఒకేసారి తెరిచాం, ఒక బకెట్ దగ్గర నేను, ఇంకో బకెట్ దగ్గర మా బావమరిది. రెండూ 24 సెకన్లు. మాస్టారూ, పాసేనా?

లెక్కల_మాస్టారు
పాస్. గ్రేస్ మార్కులు లేకుండా. మెయిన్ తీసేసి కూడా చేశారా?

నాగావళి_ఒడ్డు
చేశా. మొదటిసారి పంపు ఆగిపోయింది, లైను తప్పుగా కలిపాడు. రెండోరోజు సరిచేయించాక ఇల్లంతా చీకటి, పంపు మాత్రం మోగుతోంది.

పైపురెంచ్
చివరి తల తర్వాత పైపుని ఎక్కడ ఆపారు? ఉత్తినే మూసేస్తే అందులో నీళ్ళు నెలల తరబడి నిలవుంటాయి. మీ బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువైతే లోపల పొలుసు కడుతుంది.

నాగావళి_ఒడ్డు
దాన్ని పైన బాత్రూము ఫ్లష్ ట్యాంకుకి కలిపా. ఎవరు ఫ్లష్ నొక్కినా తొమ్మిది తలల మీదుగా కొత్త నీళ్ళు వచ్చి వెళ్తాయి. ఏ వాల్వైనా ఎవరో కట్టేస్తే, ఫ్లష్ రాదు, ఆ పూటే తెలిసిపోతుంది.

పైపురెంచ్
ఇది నేను చెప్పాల్సింది, మీరే చేసేశారు. వాళ్ళ ప్రమాణంలో కూడా ఈ పద్ధతి ఉంది. ఇంట్లోకి నీళ్ళు వచ్చే చోట నాన్ రిటర్న్ వాల్వు, అంటే నీళ్ళని వెనక్కి పోనివ్వనిది, మర్చిపోకండి.

సిక్కోలు_సిన్నోడు
అయితే మీ ఇంటికొచ్చి ఫ్లష్ నొక్కిన ప్రతివాడూ ఫైర్ డిపార్ట్‌మెంటుకి సాయం చేసినట్టే.

నాగావళి_ఒడ్డు
ఒక్క సమస్య మిగిలింది. నిన్న పెయింటర్లు హాల్లో సీలింగుకి రెండో కోటు వేశారు. నేను లేను. వచ్చి చూస్తే రెండు తలలు తెల్లగా, ముత్యాల్లా మెరుస్తున్నాయి. గాజు మీద కూడా పెయింటే. థిన్నర్ పెట్టి తుడిచేస్తే చాలా?

పైపురెంచ్
చాలదు. పెయింటు పడ్డ తల మార్చాల్సిందే, తుడిచి వాడకూడదు. వేడి ఆలస్యంగా తగులుతుంది, మూత అతుక్కుపోవచ్చు. విశాఖ వచ్చినప్పుడు చెప్పండి, దుకాణం చూపిస్తా. ఓ నాలుగు ఎక్కువే కొనుక్కోండి.

నాగావళి_ఒడ్డు
నాలుగెందుకు?

పైపురెంచ్
మూడో కోటు కూడా వేస్తారు కదా.